స్వమత దోషం, విశ్వాసుల బాధ్యత

మతం పేరిట జరిగే అన్యాయానికి, ఆ అన్యాయాన్ని తన చేతులతో చేయని విశ్వాసి ఎంతవరకు జవాబుదారీ అన్న ప్రశ్న ధర్మశాస్త్రం, న్యాయశాస్త్రం, సంఘ చరిత్ర మూడూ కలిసే చోట ఉంది. విశ్వాసి అంటే ఇక్కడ పండితుడో పీఠాధిపతో కానక్కరలేదు. పండుగనాడు గుడికి పోయే గృహస్థు, శుక్రవారం నమాజుకు నిలబడే వర్తకుడు, ఆదివారం ప్రార్థనలో కూర్చునే ఉపాధ్యాయిని, అందరూ ఆ మాట కిందికి వస్తారు. నేరం, బాధ్యత అన్నవి రెండు వేర్వేరు భావాలని మొదటే గుర్తించడం అవసరం. నేరం చేసినవాడికే అంటుతుంది, దాన్ని విచారించి శిక్షించడానికి న్యాయస్థానం ఉంది. బాధ్యత మాత్రం చేసినవాడితో ఆగక, ఆ పని ఏ దేవుడి పేరిట, ఏ ఆచారం అండతో, ఏ పెద్దల మౌనంతో జరిగిందో ఆ దేవుణ్ణి కొలిచేవారికి, ఆ ఆచారాన్ని పాటించేవారికి, ఆ మౌనంలో పాలుపంచుకున్నవారికి కూడా చేరుతుంది.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పరిసరాల్లో ఉండేవారికి ఈ విషయం దూరపుది కాదు. ఈ జిల్లాలోనే ముచ్చింతల్ దగ్గర 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైన 216 అడుగుల రామానుజాచార్య విగ్రహానికి సమతామూర్తి అని పేరు పెట్టారు. కులభేదం పాటించకుండా శిష్యులను చేర్చుకున్నారని, తిరుక్కోష్టియూరు గోపురమెక్కి అందరికీ మంత్రం వినిపించారని, మేల్కోటలో అంత్యజులుగా ఎంచబడినవారికి ఏడాదిలో కొన్ని రోజులైనా ఆలయప్రవేశం కల్పించారని ఆయన చరిత్రలు చెబుతాయి. ఇబ్రహీంపట్నం సంగతే తీసుకుంటే, ఆ పేరు గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాది. ఊరి పెద్ద చెరువు ఆయన కాలానిది. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ఆప్యాయంగా పిలుచుకున్నారు, అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చారు. ఈ వారసత్వాన్ని చెప్పుకొనేటప్పుడు, రామానుజులు వందల ఏళ్ల కిందటివారు కదా, ఆయన చేసిన మంచితో తమకేం సంబంధమని ఏ వైష్ణవుడూ అనడు. మల్కిభరాముని ఔదార్యం ఆయనతోనే పోయిందని ఏ ముస్లిమూ అనడు. పూర్వుల ఘనతను సొంతం చేసుకొని, అదే పూర్వుల నుంచి, అదే సంస్థల ద్వారా వచ్చిన అన్యాయం ప్రస్తావనకు వచ్చినప్పుడు మాత్రం అది ఎవరో చేసినదని పక్కకు తొలగడం ధర్మం అనిపించుకోదు.

ఇలాంటి ప్రస్తావన వచ్చినప్పుడు విశ్వాసులు సాధారణంగా చెప్పే సమాధానం, అది అసలు మతం కాదు, మతంలో చేరిన సాంఘిక దురాచారం అన్నది. ఈ మాట అబద్ధం కాకపోవచ్చు. ఉపనిషత్తుల్లోనో, ఆళ్వారుల పాశురాల్లోనో, అన్నమయ్య కీర్తనల్లోనో అంటరానితనానికి విరుద్ధమైన భావాలు పుష్కలంగా ఉన్నాయి. అయితే దళితవాడ నుంచి గుడికి వచ్చిన మనిషికి ఎదురయ్యేది ఉపనిషత్తు కాదు, అర్చకుడు. వైష్ణవాలయాల్లో దర్శనానంతరం భక్తుల తల మీద ఉంచే శఠారిని చూస్తే విషయం తేటపడుతుంది. స్వామివారి పాదాలు చెక్కిన కిరీటం వంటి ఆ వస్తువు నమ్మాళ్వారుకు ప్రతీక. శఠకోపుడన్నది ఆయనకే పేరు. ఆయన వెళ్లాళ కులంలో, అంటే నాటి వర్ణవ్యవస్థ లెక్కలో శూద్రకులంలో పుట్టినవారని సంప్రదాయమే చెబుతుంది. ఆ మహాభక్తుని అందరూ శిరసా వహించాలని ఏర్పరచిన మర్యాద అది. అటువంటి శఠారి వరుసలో ముందున్న నలుగురి తలలకూ తాకి, అయిదో తల దగ్గరికి వచ్చేసరికి గాలిలోనే తిరిగిపోయినప్పుడు, తీర్థం చేతికి అందకుండా పైనుంచి జారవిడిచినప్పుడు, ప్రసాదం దోసిట్లో పెట్టక విసిరినప్పుడు, అక్కడ దెబ్బతిన్నది సిద్ధాంతమా ఆచారమా అన్న చర్చ ఆ అయిదో మనిషికి దేనికీ పనికిరాదు. వరుసలో ముందు నిలబడి, శఠారిని తల వంచి స్వీకరించి, వెనుక జరిగినదాన్ని చూసీ చూడనట్టు ఇంటికి పోయిన నలుగురి బాధ్యత అక్కడే మొదలవుతుంది. వారు ఎవరినీ అవమానించలేదు, అయినా వారి మౌనం అండ లేకుండా అర్చకుని చెయ్యి అలా వెనక్కు పోయేది కాదు.

తెలుగునాట ఈ అవమానాన్ని మొదట గట్టిగా ప్రశ్నించినవారిలో హైదరాబాదుకు చెందిన భాగ్యరెడ్డివర్మ ముఖ్యులు. 1888లో పుట్టిన ఆయన 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించారు, నగరంలో ఆది హిందూ పాఠశాలలు నెలకొల్పారు, బాల్యవివాహాలను, మద్యపానాన్ని, ఆడపిల్లలను దేవతలకు అంకితం చేసే పద్ధతిని తనవారిలోనే ముందుగా ఎదిరించారు. 1917 నవంబరులో బెజవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన పంచమ మహాజన సభ, పంచములన్న పేరును తోసిపుచ్చి తమను ఆది ఆంధ్రులుగా ప్రకటించుకుంది. పంచములంటే నాలుగు వర్ణాలకు వెలుపల అయిదోవారుగా నెట్టబడినవారని అర్థం. సభ జరిగిన మూడు రోజులూ ఆ జనం కొండెక్కి వస్తారన్న భయంతో కనకదుర్గమ్మ ఆలయాన్ని మూసి ఉంచారని ఉద్యమ చరిత్రకారులు నమోదు చేశారు. అమ్మవారి తలుపులు మూయాలని నిర్ణయించినవారు కొద్దిమందే అయి ఉంటారు; దర్శనానికి వచ్చి, మూసిన తలుపులు చూసి, కారణం తెలిసి, ఏమీ అడగకుండా మెట్లు దిగిపోయినవారు ఎందరో.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 25వ అధికరణంలో మతస్వేచ్ఛను ఇస్తూనే, ప్రజోపయోగమైన హిందూ మత సంస్థలను హిందువులలోని అన్ని తరగతులకూ తెరిచే అధికారాన్ని రాజ్యానికి అప్పగించింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం, 1989లో షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1987 నాటి దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేయగా, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇంత జరిగినా, ఈ శతాబ్ది ఆరంభంలో జస్టిస్ పున్నయ్య కమిషన్ జిల్లాలు తిరిగినప్పుడు గుడి దగ్గర, బావి దగ్గర, టీ హోటలు దగ్గర అంటరానితనం సజీవంగానే కనిపించింది. దళితులకు వేరే గ్లాసు ఉంచి, తాగినవారే దాన్ని కడిగి పెట్టవలసిన రెండు గ్లాసుల పద్ధతి కూడా అందులో ఉంది. పోలీసు బందోబస్తుతో ఆలయప్రవేశం చేయించవచ్చు, వారు వెళ్లిపోయాక ఎవరూ సంప్రోక్షణ చేయకుండా ఆపవలసింది మాత్రం ఆ గుడి భక్తులే. సంప్రోక్షణ అంటే మైలపడిన స్థలాన్ని మంత్రజలం చల్లి శుద్ధి చేసే క్రియ. తోటి భక్తుని రాకకే ఆ క్రియ జరిపితే, ఆ మంత్రజలం గుడినే మైలపరుస్తుంది.

గుడి వాకిట అవమానం కన్నా లోతైన గాయం జోగిని వ్యవస్థ. మాల, మాదిగ కులాలకు చెందిన చిన్న ఆడపిల్లను ఎల్లమ్మకో, పోచమ్మకో, పోతురాజుకో ఇచ్చినట్టు భావించి, ఊరి సమక్షంలో దేవత పేరిట మెడలో తాళి కట్టి పట్టం కట్టే ఆచారమిది. తెలంగాణలో జోగిని అని, రాయలసీమలో కొన్నిచోట్ల బసివి అని, చిత్తూరు ప్రాంతంలో మాతమ్మ అని పిలుస్తారు. పిల్లకు జబ్బు చేసిందనో, మగసంతానం లేదనో, ఊరికి అరిష్టమనో మొక్కుకోవడంతో ఇది మొదలవుతుంది. ఆ తరువాత ఆమె మరొకరిని పెళ్లాడకూడదు. యుక్తవయసు వచ్చాక ఊరిలో బలవంతులైన మగవారికి అందుబాటులో ఉండవలసిందే. జాతరలో రంగం మీద ఆడాలి, కొన్ని ఊళ్లలో శవయాత్ర ముందు కూడా ఆడాలి. ఆమె కన్న బిడ్డలకు బడిలో తండ్రి పేరు అడిగితే చెప్పడానికి ఉండదు.

ఈ ఆచారంలో ఎవరు దోషి అని వెతికితే ఒక్క మనిషి దొరకడు. మొక్కుకున్న తల్లిదండ్రులు తాము దేవతకు భయపడ్డామంటారు. పట్టం కట్టినవాడు తాత ముత్తాతల నాటి క్రతువును జరిపానంటాడు. డప్పు కొట్టినవాడు పిలిస్తే వచ్చానంటాడు. చందా ఇచ్చినవారు జాతరకిచ్చామంటారు. చూడవచ్చినవారు చూడటానికే వచ్చామంటారు. రాత్రివేళ ఆమె గుడిసె తలుపు తట్టినవాడు, ఊరి ఆచారమే కదా అంటాడు. ప్రతి ఒక్కరూ కొంచెం కొంచెంగా మోస్తే, ఎవరికీ బరువనిపించకుండా ఒక పసిపిల్ల జీవితం మొత్తం కూలిపోతుంది. అందుకే 1988లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ దేవదాసీల చట్టం అంకితం చేసినవారితోనే ఆగక, ఆ వేడుకను జరిపినవారిని, ప్రోత్సహించినవారిని, అందులో పాల్గొన్నవారిని కూడా శిక్షార్హుల జాబితాలో చేర్చింది. 2015 సవరణతో అత్యాచారాల నిరోధక చట్టం కూడా దళిత, గిరిజన స్త్రీలను దేవతకు అంకితం చేయడాన్ని నేరంగా పేర్కొంది. వేడుకలో పాల్గొనడం కూడా నేరమేనని శాసనసభ గుర్తించగలిగినప్పుడు, అమ్మవారిని తల్లిగా కొలిచే భక్తులు ఆమె పేరిట జరిగినదానికి తాము సాక్షులం మాత్రమేనని చెప్పుకోవడం ఆ తల్లికే అపచారం.

1988 నాటి దేవదాసీల చట్టం వెనుక ఎవరి శ్రమ ఉందో చూస్తే విశ్వాసులకు మరింత ఆలోచన కలగాలి. నిజామాబాద్ జిల్లా పల్లెల్లో జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి, ఈ ఆచారాన్ని ప్రభుత్వం దృష్టికి తెచ్చినవారిలో హేమలతా లవణం అగ్రగణ్యులు. ఆమె మహాకవి గుర్రం జాషువా కుమార్తె, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు. తండ్రి 1941లో రాసిన గబ్బిలంలో, దేవాలయంలోకి పోలేని ఒక దళితుడు తన గోడును ఈశ్వరునికి విన్నవించమని గుడిలో స్వేచ్ఛగా తిరగగల గబ్బిలాన్ని వేడుకుంటాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా, పురాణ వస్తువులతో కావ్యాలు రాసినందుకు ఒకవైపు, పుట్టుక కారణంగా మరోవైపు, ఇరు పక్షాల నుంచీ ఆక్షేపణలు ఎదుర్కొన్నారు. ఆయన కుమార్తె దేవుని పేరిట బలైన ఆడపిల్లలను అక్కున చేర్చుకోవడానికి దేవుణ్ణి నమ్మని ఇంటి నుంచి బయలుదేరవలసి వచ్చింది. భక్తులు చేయవలసిన పనిని నాస్తికులు చేశారన్నది నాస్తికులకు గౌరవమే; భక్తులు మాత్రం అక్కడ కొంచెంసేపు ఆగి ఆలోచించాలి.

ఇబ్రహీంపట్నం చరిత్రలోనూ ఇదే జరిగింది. 1980ల మధ్యలో ఈ తాలూకా పల్లెల్లో దళిత వ్యవసాయ కూలీలు తీసుకున్న కొద్దిపాటి అప్పుకు ఏళ్లకేళ్లు జీతాలుండేవారు; జీతం ఉండటమంటే ఇక్కడ నెలవారీ ఉద్యోగం కాదు, బాకీ తీరేవరకు ఆసామి ఇంట పగలూ రాత్రీ చాకిరీకి కట్టుబడి ఉండటం. 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినా పల్లెకు దాని జాడ చేరలేదు. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘంగా ఏర్పడిన ఆ కూలీలు జీతాల నుంచి విడుదల కోసం, న్యాయమైన కూలి కోసం, భూమి కోసం పోరాడారు. వారితో కలిసి పనిచేసిన గీతా రామస్వామి హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరు, అంతకు ముందు విప్లవోద్యమంలో ఉండి బయటికి వచ్చినవారు. ఆ ఏళ్ల అనుభవాలు 2022లో వెలువడిన ఆమె ఆత్మకథలో ఉన్నాయి. జీతగాడిని కట్టి ఉంచింది బాకీ ఒక్కటే కాదు, పుట్టుకతోనే ఒకరు చాకిరీకి, మరొకరు చేయించుకోవడానికి ఏర్పడ్డారన్న నమ్మకం కూడా. ఆ నమ్మకాన్ని పుణ్యపాపాల లెక్కతో బలపరచింది మతమే కనుక, దాన్ని తెంచడంలో హరికథలు చెప్పించే పెద్దలు, భజన మండళ్లు, గుడి ధర్మకర్తలు ముందుండవలసింది. అలా ముందుకు రానిచోట మతం ఏం పోగొట్టుకుంటుందో అంబేద్కర్ కథ చెబుతుంది. ఆయన 1930లో నాసిక్ కాలారామ మందిరం వాకిట మొదలైన సత్యాగ్రహాన్ని ఏళ్ల తరబడి నడిపి, 1935లో యేవలాలో తాను హిందువుగా చనిపోనని ప్రకటించి, 1956లో బౌద్ధాన్ని స్వీకరించారు. అంతటి మనీషిని వదులుకున్నది మతమే. ఆ వాకిట నిలబడిన సత్యాగ్రహులకు లోపలి నుంచి తలుపు తీసేవారు తగినంతమంది లేకపోవడమే అందుకు కారణం.

లోపలి నుంచి తలుపు తీయడమంటే ఏమిటో వైష్ణవ సంప్రదాయంలోనే ఒక కథ ఉంది. పన్నిద్దరాళ్వారులలో ఒకరైన తిరుప్పాణాళ్వారు పాణర్ అనే గాయక కులంలో పెరిగినవారు. ఆ కులాన్ని అంటరానిదిగా చూసేవారు. శ్రీరంగంలో కావేరి ఒడ్డున ఆయన ధ్యానంలో ఉండగా, స్వామివారి అభిషేక జలానికి వచ్చిన లోకసారంగ ముని తప్పుకొమ్మని కేకలు వేసి, ఆయన కదలకపోయేసరికి రాయి విసిరాడు. నుదుటి మీద రక్తం కారింది. ముని గర్భాలయంలోకి పోయి చూస్తే రంగనాథుని నుదుటి మీదా రక్తమే. ఆ పాణరును నీ భుజాల మీద ఎక్కించుకొని నా సన్నిధికి తీసుకురమ్మని స్వామి మునిని ఆజ్ఞాపించాడు. ఈ కథలో స్వామి ఊరివారందరినీ పిలిచి ఉపదేశం చేయలేదు, ఆళ్వారును కులం మార్చుకొమ్మనలేదు. రాయి విసిరిన చేతులతోనే, గుడి అధికారం గల ఆ భుజాలతోనే మోయించాడు. తప్పు ఏ వైపు నుంచి జరిగిందో సవరణ ఆ వైపు నుంచే రావాలన్నది అక్కడి తీర్పు.

2018 ఏప్రిల్ 16న హైదరాబాదు జియాగూడలోని రంగనాథస్వామి ఆలయంలో, చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ణి తన భుజాల మీద ఎక్కించుకొని మేళతాళాలతో గర్భాలయం దాకా తీసుకువెళ్లారు. ఆ సేవకు మునివాహన సేవ అని పేరు. అంతకు ముందు 2007లో తిరుమల తిరుపతి దేవస్థానం దళిత గోవిందం పేరిట ఉత్సవమూర్తులను, అంటే ఊరేగింపులో ఉపయోగించే విగ్రహాలను, దళితవాడలకు తీసుకుపోయి అక్కడ కల్యాణం జరిపించింది. ఒక వారసత్వ అర్చకుడు నలుగురూ చూస్తుండగా దళిత భక్తుణ్ణి భుజాల మీద మోయడం చిన్న విషయం కాదు; తన వర్గం నుంచి ఎదురయ్యే మాటలకు సిద్ధపడి చేసిన పని అది, దానికి గౌరవం దక్కాలి. అయినా ఒక ప్రశ్న అక్కడ నిలిచే ఉంటుంది. భుజాల మీద ఎక్కినవారు మరునాడు కాలినడకన, ఎవరి తోడూ లేకుండా, ఏ ఊరి గుడికైనా పోయి అందరితో పాటు శఠారి పెట్టించుకోగలగాలి. కొన్నాళ్లకు ఆ శఠారిని పట్టుకొనే చెయ్యి వారిదీ కావాలి. ఉత్సవం ఒకనాటిది, వరుస రోజూ ఉండేది.

స్వమత దోషం గురించి మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఎక్కడో ఒక ముస్లిం చేసిన నేరానికి ఇక్కడి ముస్లింలందరినీ సంజాయిషీ అడగడం బాధ్యతను గుర్తుచేయడం కాదు, అనుమానించడం. 2007 మే నెలలో మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత హైదరాబాదులో ఎందరో ముస్లిం యువకులను అనుమానంతో పట్టుకుపోయారు. తరువాత వారు నిర్దోషులుగా బయటపడినా, చదువులు, ఉద్యోగాలు, పెళ్లి సంబంధాలు పాడైనవారు అందులో ఉన్నారు. బయటివారు వేలు చూపి అడిగితే అది అభియోగం. లోపలివారు తమలో తాము ప్రశ్నించుకుంటేనే అది బాధ్యత. ఒక హిందువు అంటరానితనం గురించి ముందు హిందువుల మధ్యనే మాట్లాడవలసినట్టు, పాతబస్తీ బాలికలకు గల్ఫ్ దేశాల వృద్ధులతో కొద్దిరోజుల పెళ్లిళ్లు జరిపించిన ఖాజీల గురించి ముస్లిం పెద్దలే ముందు మాట్లాడాలి. ఖాజీ అంటే నిఖా జరిపించి నమోదు చేసే మతాధికారి. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు అటువంటి పెళ్లిళ్ల ముఠాను పట్టుకున్నప్పుడు అరెస్టయినవారిలో ఖాజీలూ ఉన్నారు. బాలిక బతుకును అమ్మకానికి పెట్టడానికి నిఖా అనే పవిత్రమైన ఒప్పందాన్ని ముసుగుగా వాడినప్పుడు, ఆ ఒప్పందాన్ని పవిత్రంగా ఎంచేవారికే ముందు కోపం రావాలి. 2022 మే 4న సరూర్‌నగర్‌లో ఒక దళిత యువకుణ్ణి, తమ ఇంటి అమ్మాయిని పెళ్లాడాడన్న పగతో, ఆమె అన్న మరొకరితో కలిసి నడివీధిలో హతమార్చినప్పుడు, హైదరాబాదు ఎం.పి. అసదుద్దీన్ ఒవైసీ అది రాజ్యాంగం దృష్టిలోనే కాక ఇస్లాం దృష్టిలోనూ ఘోరమైన నేరమని బహిరంగంగా ప్రకటించారు. ఏడాదిన్నర లోపే న్యాయస్థానం దోషులకు యావజ్జీవ శిక్ష విధించింది. శిక్ష కోర్టు పని. మా ధర్మం దీన్ని ఒప్పదని నేరస్థుల మతం వారి నోటనే వినబడటం కోర్టు చేయలేని పని.

తెలుగు క్రైస్తవంలోనూ కులవివక్ష కథ నడిచింది. ఒంగోలు ప్రాంతంలో మాదిగలు బాప్తిస్మం కోరినప్పుడు, వారిని చేర్చుకుంటే తాము రామని అగ్రకులాలవారు చెప్పినా మిషనరీ జాన్ క్లౌ మాదిగల పక్షమే ఎంచుకున్నారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కాలక్రమంలో మాల చర్చి, మాదిగ చర్చి అన్న పేర్లు, వేరు వేరు సమాధుల తోటలు ఆ సంఘాల్లోకీ వచ్చి చేరాయి. భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారతా విధానాన్ని ప్రకటిస్తూ, చర్చి లోపలి కులవివక్షను తీవ్రమైన పాపంగా ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని, దళితుల నుంచి కార్డినల్ అయిన మొదటివారయ్యారు. ఒప్పుకోలు ముందు, పదవి తరువాత వచ్చిన ఈ క్రమం సరైనది.

చివరగా ఆలోచించవలసింది, ఈ బాధ్యత తీరిందని ఎవరు చెప్పాలి అన్న విషయం. 1932లో పూనా ఒప్పందం జరిగిన కొద్దిరోజులకే గాంధీజీ ప్రేరణతో ఏర్పడిన సంస్థ హరిజన సేవక సంఘమైంది. అంటరానితనం సవర్ణ హిందువుల పాపం కనుక, ప్రాయశ్చిత్తం చేసుకోవలసింది వారే కనుక, బాకీ పడినవారే సంఘాన్ని నడపాలని గాంధీజీ వాదించారు. ప్రాయశ్చిత్తం అంటే చేసిన పాపానికి తనకు తాను విధించుకొనే శుద్ధికర్మ. బాధ్యతను ఇంత సూటిగా తన మతస్థుల మీద పెట్టిన నాయకుడు అరుదు; 1933 డిసెంబరులో ఆంధ్ర జిల్లాల్లో తిరిగినప్పుడూ ఆయన అడిగింది ఇదే. అయినా అంబేద్కర్ ఆ సంఘంలో నిలవలేదు. బాకీదారులే పద్దు రాసి, బాకీదారులే తీరిందని సంతకం పెట్టే సంస్థలో అప్పిచ్చినవారికి చోటేదన్నది ఆయన అభ్యంతరం సారాంశం. దానికి నేటికీ తగిన జవాబు రాలేదు. గాంధీజీ చెప్పినదాంట్లో మొదటి సగం నిజం, ప్రాయశ్చిత్తం విశ్వాసులదే. రెండో సగం అంబేద్కర్‌ది, అది చాలిందో లేదో తేల్చే హక్కు దెబ్బతిన్నవారిదే.

ఈ రెండూ ఒకేచోట అమలు కావడానికి పెద్ద పీఠాల అనుమతి అక్కరలేదు. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం పల్లెల్లో ఏటా బోనాలకు, జాతరలకు ముందు ఉత్సవ కమిటీలు కూర్చుంటాయి; చందాలు ఎంత, మైకు ఎవరిది, తొలి బోనం ఎవరి ఇంటిది, ఊరేగింపు ఏ వీధి దాకా పోయి వెనక్కు తిరగాలి అన్నవి అక్కడే తేలుతాయి. దళితవాడ బోనం అందరి వరుసలో కలుస్తుందా, చివర వేరుగా వస్తుందా. డప్పు కొట్టేవారికి ముందే మాట్లాడిన కూలి ఇస్తారా, ఆచారమని కల్లు, ధాన్యంతో సరిపెడతారా. గుడి మెట్లెక్కడానికి ఎవరైనా జంకుతున్నారా. ఏ ఇంటి ఆడపిల్లనైనా అమ్మవారికి విడిచే మాట ఊరిలో వినబడుతోందా అన్న నాలుగు విషయాలు ఆ సమావేశంలోనే చర్చకు రావచ్చు. ఆ కమిటీలో వాడ నుంచి ఎవరెవరు కూర్చున్నారు, కూర్చున్నవారి మాటకు ఊరేగింపు దారి ఒక్క వీధి అయినా మారిందా అన్నది ఈ ఆషాఢంలో ఏ ఊరికి ఆ ఊరు చూసుకోవలసిన లెక్క.